సరిహద్దు కావలి

నరసన్నపేటలో పోలీసు ఠాణా ముందునుండి బడికి పోవు బాలబాలికలారా! అక్టోబరు 21వ తేదీ పోలీసు అమరవీరుల సంస్మరణ దినము ఏల అయ్యెనో ఎరుగుదురా?

1959లో ఆనాడు లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద, తిరిగి రాని సహచరులను వెదకబోయిన పోలీసులపై చైనా సైనికులు కాల్పులు జరిపిరి. 10 మంది నేలకొరిగిరి. పిదప ఆ సరిహద్దు రక్షణ సైన్యమునకు అప్పగింపబడెను.

1965 ఏప్రిల్ 9న కచ్‌లోని సర్దార్ పోస్టుపై పాకిస్తాను సేన దాడిచేయగా, కేంద్ర రిజర్వు పోలీసులు దానిని నిలువరించిరి. తరువాత సైన్యము వచ్చి ఆ బాధ్యత వహించెను. ఆ అనుభవమువలన ఆ ఏడే డిసెంబరు 1న సరిహద్దు భద్రతా దళము ఏర్పడెను.

దొంగరవాణాను అరికట్టుట పోలీసుల పని. ఫిరంగులతో వచ్చు శత్రువును ఎదుర్కొనుట సైన్యము పని. కావలివానికి ధైర్యమొక్కటే చాలదు. వెనుక బలమును ఉండవలెను.