ఫ్యాక్టరీలో బీపీ చూసే బల్ల ఎలా పెట్టాలి?

పటాన్‌చెరులోనైనా విశాఖ ఆటోనగర్‌లోనైనా చిన్న యూనిట్లలో డాక్టరు ఉండరు. చట్టప్రకారం 500 మంది కార్మికులు దాటితేనే అంబులెన్స్ రూమ్ తప్పనిసరి. ఒక పూట కూలి పోతుందని మగవాళ్లు ఆస్పత్రి గడప తొక్కరు. బీపీకైతే నొప్పి కూడా తెలియదు. అందుకే మిషన్‌నే వాళ్ల దగ్గరికి తీసుకెళ్దాం.

కావలసినవి

జబ్బకు కట్టే డిజిటల్ బీపీ మిషన్ (మణికట్టుది వద్దు), మామూలు పట్టీతో పాటు పెద్ద సైజుది, వీపు ఆనే కుర్చీ, బల్ల, చీటీలు. బరువులెత్తే వాళ్ల జబ్బలు లావుగా ఉంటాయి. చిన్న పట్టీ బిగిస్తే లేని బీపీ కనిపిస్తుంది.

పద్ధతి

1. ముందు యాజమాన్యంతో ఒక మాట తేల్చుకుందాం: ఈ అంకెలు ఆఫీసు ఫైలుకి వెళ్లకూడదు. ఉద్యోగానికి ఎసరొస్తుందనుకుంటే ఎవరూ రారు.

2. షిఫ్టు ఎక్కే ముందు, మోత వినపడని చోట బల్ల వేద్దాం.

3. అరగంటలోపు టీ, బీడీ, ఖైనీ పడ్డాయా అని అడుగుదాం. పడితే కాసేపాగి రమ్మందాం. మూత్రం ఆపుకుని కూర్చున్నా అంకె పెరుగుతుంది.

4. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెడదాం. బండి దిగి నేరుగా వచ్చి చెయ్యి చాపేస్తారు. తొందరపడి మనమూ కానివ్వకూడదు.

5. చొక్కా చెయ్యి పైకి మడిచి బిగించొద్దు, విప్పించాలి. మోచేతి మడతకు కాస్త పైన, వేలు దూరేలా పట్టీ కడదాం. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పాదాలు నేలకు ఆనాలి. కాలు మీద కాలు వద్దు.

6. మాటలు ఆపించి మీట నొక్కుదాం. నిమిషమాగి మళ్లీ చూద్దాం. రెండు అంకెలూ రాసి చీటీ ఆయన చేతికే ఇద్దాం.

జరిగే పొరపాట్లు

140/90 దాటగానే "నీకు బీపీ ఉందన్నా" అనేయకూడదు. ఇంకో రోజు చూసి, అప్పుడూ అలాగే ఉంటే డాక్టరు దగ్గరికి పంపాలి. 180/120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. షిఫ్టయ్యాక చూద్దామనుకోవద్దు.

తోటివాడి బీపీ బిళ్ల అడిగి మింగడం కూడా మామూలే. గట్టిగా వద్దని చెబుదాం.

తాగుడు మానమని తొలిరోజే ఉపన్యాసం మొదలుపెడితే మరునాడు కుర్చీ ఖాళీ. దానికంటే క్యాంటీన్ వంటాయనతో మాట్లాడి బల్లల మీది ఉప్పు డబ్బాలు తీయించండి.

ఈఎస్ఐ ఉన్న కార్మికుడికి డిస్పెన్సరీలో పరీక్షా, మందులూ ఉచితం. చీటీ ఇచ్చి ఊరుకోకుండా, సూపర్‌వైజర్‌తో మాట్లాడి ఆ పూట సెలవు కూడా మీరే ఇప్పించండి.