పరిశ్రమల వ్యర్థజలాలు – మన వాగులు

చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతాల హాస్టళ్ళలో ఉండి చదువుకునే మనం ఒక విషయం తెలుసుకోవాలి. ఇక్కడ కురిసే వాన వాగుల గుండా గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులకు చేరుతుంది. 1908 నాటి మూసీ వరదల తరువాత 1920లో మూసీ మీద గండిపేట (ఉస్మాన్‌సాగర్), 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. దశాబ్దాల పాటు హైదరాబాదు నగరం ఈ నీళ్ళే తాగింది. అంటే మనం ఎగువన ఉన్నాం. ఎగువన జరిగిన పొరపాటుకు దిగువ వాళ్ళు నష్టపోతారు.

ఎవరూ కావాలని విషం కలపకపోయినా నీళ్ళు పాడు కావచ్చు. ట్యాంకు నిండి పొర్లవచ్చు, పైపు పగలవచ్చు, పెద్ద వానకు వ్యర్థజలాల గుంట పొంగవచ్చు. 1986 నవంబరు 1న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గర శాండోజ్ కంపెనీ రసాయనాల గోదాము తగలబడింది. మంటలార్పడానికి కొట్టిన నీళ్ళే పురుగుమందులను రైన్ నదిలోకి మోసుకుపోయాయి. లెక్కలేనన్ని చేపలు చనిపోయాయి.

మరి దీనిని ఆపడమెలా?

1. రసాయనాల ట్యాంకుల చుట్టూ గట్టి గోడ కట్టాలి. అందులోని అతి పెద్ద ట్యాంకు మొత్తం కారినా ఆ గోడ లోపలే ఆగాలి.

2. వాన నీటి కాలువ, వ్యర్థజలాల కాలువ వేరువేరుగా ఉండాలి. వాన నీటి కాలువ చివర వెంటనే మూసేందుకు వాల్వు ఉండాలి.

3. మంటలార్పిన నీళ్ళు, పొర్లిన నీళ్ళు నిలవడానికి ఖాళీ గుంట ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

4. ట్యాంకు నిండుతుంటే అలారం మోగాలి, మోటారు దానంతటదే ఆగాలి.

ఇన్ని చేసినా ప్రమాదం పూర్తిగా తప్పదు. అందుకే 1996 మార్చి 8న జీ.ఓ. 111 వచ్చింది. రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలను అది నిషేధించింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం ఉత్పత్తుల పరిశ్రమ ఒకటి మినహాయింపు కోరగా కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. హాని జరగదని నిరూపించాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టేవారిదేనని కోర్టు 1999లో చెప్పింది. 2000 డిసెంబరులో ఆ మినహాయింపు చెల్లదని తీర్పు ఇచ్చింది. నష్టం జరిగాక కాదు, జరగక ముందే ఆలోచించాలన్నదే ఆ తీర్పుల సారం.

2022 ఏప్రిల్ 12న ప్రభుత్వం జీ.ఓ. 69తో ఆ ఆంక్షలను తొలగించింది. అయితే చెరువుల నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతు పెట్టింది. ఆ షరతు కాగితం మీదే ఉండిపోకూడదంటే చూసే కళ్ళు కావాలి. వాగు నీళ్ళు రంగు మారినా, ఘాటు వాసన వచ్చినా, చేపలు తేలినా మనం నీళ్ళలో దిగవద్దు. స్థలం, తేదీ, సమయం రాసుకొని వార్డెన్ గారి ద్వారా పంచాయతీకి, కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేద్దాం. నీళ్ళలో కలిసిన విషాన్ని మళ్ళీ వేరు చేయడం చాలా కష్టం. కలవక ముందే ఆపడం మన చేతిలో ఉన్న పని.