మనోవ్యాధుల మందులు: ఎండ, ఉపవాసము, ఓర్పు

జ్వరమునకు మందు మ్రింగినవానికి నోరు చేదైనచో ఎవ్వరును ఆశ్చర్యపడరు. రెండు దినములు ఓర్చుకొనుమని చెప్పుదురు. మనోవ్యాధికి మందు వాడుచున్నవానికి నోరెండినను, చేయి వణకినను, పగలు మత్తుగా ఉన్నను, ఇంటివారే "ఆ మాత్రలు మానివేయుము" అందురు. అర్ధవీడు, కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతములలో ఇది మనమందరము వినుచున్న మాటయే. మందు మానిన కొంతకాలమునకు వ్యాధి తిరుగబెట్టును. అప్పుడు నింద మందుపై పడును గాని, మానివేయుటపై పడదు. ఆ మందుల దుష్ఫలితములు ఎట్టివో, వాటిని ఎట్లు ఎదుర్కొనవలెనో విద్యార్థి మిత్రులకు తెలియజేయుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ మందుల చరిత్రలో మన దేశమునకును భాగము కలదు. 1931లో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ అను వైద్యులు సర్పగంధ వేరు రక్తపోటునకును, ఉన్మాదమునకును పనిచేయునని ప్రకటించిరి. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియమును, 1952లో పారిస్ నగరమున డిలే, డెనికర్ అనువారు క్లోర్‌ప్రోమజైన్‌ను రోగులకిచ్చి మంచి ఫలితములు సాధించిరి. ఏండ్ల తరబడి ఆసుపత్రి గోడల నడుమ మ్రగ్గినవారు అనేకులు ఇండ్లకు తిరిగి రాగలిగిరి. అయితే మేలు చేసిన మందే కొంత బాధను కూడ వెంట తెచ్చినది.

ఆ బాధకు కారణమున్నది. మెదడులోని నాడీకణములు డోపమైన్ వంటి రసాయనముల ద్వారా సందేశములు పంపుకొనును. భ్రమలను, లేని మాటలు వినబడుటను తగ్గించు మందులు డోపమైన్ పనిని అడ్డగించును. కాని కాళ్ళుచేతుల కదలికకు కూడ ఆ డోపమైనే అవసరము. అందుచేత చేయి వణకుట, కండరములు బిగియుట, ఒకచోట నిలువలేకపోవుట కలుగవచ్చును. దీనిని చూచి రోగము ముదిరినదని భయపడరాదు. వైద్యుడు మోతాదు తగ్గించియో, మందు మార్చియో, వేరొక మాత్ర చేర్చియో సరిచేయగలడు. కొన్ని క్రొత్త మందులతో ఈ బాధ తక్కువ. కాని బరువు, రక్తములో చక్కెర పెరుగవచ్చును. వాటిని అప్పుడప్పుడు పరీక్షించుకొనవలెను.

దిగులు వ్యాధికిచ్చు మందుల తీరు వేరు. వికారము, తలనొప్పి మొదటి వారములోనే కనబడును. గుణము కనబడుటకు 2 నుండి 4 వారములు పట్టును. ముందు బాధ, తరువాత మేలు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసియున్నచో అనేకులు మందు మానకుందురు.

చిన్న బాధలకు ఇంటి ఉపాయములు చాలును. నోరెండినప్పుడు నీరు కొద్దికొద్దిగా త్రాగవలెను. మలబద్ధకమునకు ఆకుకూరలు, జొన్నరొట్టె మేలు. లేచునప్పుడు కండ్లు తిరిగినచో మంచముపై ఒక నిమిషము కూర్చుండి పిమ్మట నిలువవలెను. పగటి మత్తు ఉన్నచో మాత్రను రాత్రికి మార్చవచ్చునేమో వైద్యుని అడుగవలెను. మత్తు తగ్గువరకు మోటారు సైకిలు నడుపరాదు.

మన ప్రాంతమునకు ఎండ ప్రత్యేకమైన శత్రువు. పలకల గనులలోను, పొలములలోను పనిచేయువారు ఈ విషయమును మిక్కిలి గమనింపవలెను. కొన్ని మందులు చెమటను తగ్గించి దేహమును చల్లబడనీయవు. లిథియం సంగతి మరింత సున్నితము. దేహములో నీరు, ఉప్పు తగ్గినచో మూత్రపిండములు లిథియమును బయటికి పంపక నిలుపుకొనును. గుణమిచ్చు మోతాదునకును, విషమగు మోతాదునకును నడుమ ఎడము స్వల్పము. కావుననే రక్తపరీక్ష తప్పనిసరి. వాంతులు, విరేచనములు, తూలు నడక, ముద్దమాట, చేతుల తీవ్రమైన వణకు కనబడినచో వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. లిథియం వాడువారు ఒళ్ళునొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మాత్రలు తామే కొని వేసికొనరాదు. అవియు లిథియమును పెంచును.

రంజాన్ మాసమును గూర్చి ఒక మాట. 2018, 2019 సంవత్సరములలో ఆ మాసము మే నెలలోనే ఆరంభమైనది. అట్టి ఎండలో పగలంతయు నీరు లేకుండుట లిథియం వాడువారికి ప్రమాదము. ఉపవాసమునకై మందు మానుటయు, రెండు పూటల మాత్రలు ఒకేసారి మ్రింగుటయు ప్రమాదమే. మాసము రాకముందే వైద్యుని కలిసి, సహరీ, ఇఫ్తార్ వేళలకు మందును సర్దుట వీలగునో కాదో తెలిసికొనవలెను. రోగికి రోజా నుండి సడలింపు ఖురాన్ షరీఫ్‌లోనే, అల్ బఖర అధ్యాయమున కలదు. కాబట్టి వైద్యుడు వలదన్నచో మనస్సు నొచ్చుకొన పనిలేదు.

కొన్ని గుర్తులు కనబడినప్పుడు ఆలస్యము పనికిరాదు. అధిక జ్వరముతో ఒళ్ళు కొయ్యబారుట, క్లోజపైన్ వాడువారికి జ్వరము, గొంతునొప్పి, ఏ మందుకైనను ఒంటిపై దద్దుర్లు ఇట్టివి. నిద్రమాత్రలను చాలకాలము వాడి హఠాత్తుగా మానినచో మూర్ఛ రావచ్చును. మానవలసివచ్చినను వైద్యుని సలహాతో క్రమముగా తగ్గించుటయే మార్గము.

మారుమూల గ్రామమునుండి ఒంగోలు, గుంటూరు, కర్నూలు పట్టణములకు పోయి వైద్యునితో ఒక మాట చెప్పుటకు కూలివానికి ఒక దినపు కూలి పోవును. బాధ చెప్పుకొనుటకంటె మందు మానుటయే సులభముగా తోచుటకు ఇదియు కారణము. దీనికి కొంత ఉపాయము కలదు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యలో ఫోను చేసి తెలుగులో సలహా పొందవచ్చును. 2018లో అమలులోనికి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, తన చికిత్సను, దాని దుష్ఫలితములను తనకర్థమగు భాషలో తెలిసికొను హక్కు రోగికి కలదు. అడుగుట అవినయము కాదు, అది హక్కు.

చదువుకొన్న మనము చేయదగిన సేవ పెద్దది కాదు. ఇంటనో, ఇరుగుపొరుగుననో ఒకరు ఈ మందులు వాడుచున్నచో, ఏ దినమున ఏ బాధ కలిగినదో ఒక పుస్తకములో తెలుగునగాని, ఉర్దూలోగాని వ్రాసిపెట్టి, వైద్యునివద్దకు తోడుగా పోవుదము. ఏటేట వేసవికి ముందు ఈ విషయముపై ఒక వైద్యునిచే ఉపన్యాసము ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాము. వణకుచున్న చేతిని చూచి నవ్వకుండుట మాత్రము నేటినుండియే ఆరంభింపవచ్చును.