ఎత్తంటే భయమా? బెలూన్ ఎక్కే ముందు మనసుకు చేయవలసిన వైద్యం

మనిషికి సహజంగా ఉండవలసిన భయాలలో ఎత్తు భయం ఒకటి. బావి గట్టున నిలిచినప్పుడు అడుగు వెనక్కి వేయమని హెచ్చరించేది అదే. ఆ హెచ్చరిక ఉండడం ఆరోగ్యమే. అయితే అదే భయం హద్దు దాటి, డాబా మీద వడియాలు పెట్టుకోవడానికీ, గుట్ట మీది దేవుణ్ణి దర్శించడానికీ, కన్నకొడుకు ఇంటికి వెళ్లి నాలుగు రోజులు ఉండడానికీ అడ్డుపడితే దానిని వికారంగా పరిగణించి చికిత్స చేయాలి.

సిద్దిపేటలో నా వద్దకు ఈ బాధతో వచ్చేవారు గతంలో అరుదు. ఇప్పుడు తరచుగా వస్తున్నారు. ఇందుకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. పెంకుటిళ్లలో పుట్టి పెరిగిన పెద్దలు హైదరాబాదులో పిల్లల దగ్గరకు వెళ్లి ఎనిమిదో అంతస్తులోనో పదో అంతస్తులోనో ఉండవలసి రావడం మొదటిది. తీగల వంతెనలు, రోప్‌వేలు, వేడిగాలి బెలూన్లు మధ్యతరగతి కుటుంబాల వినోదయాత్రలలో చేరడం రెండవది. 2017 నవంబరులో అరకులోయలో పలు దేశాల బెలూన్లతో ఉత్సవం జరిగింది. ఆ తరువాత, "పిల్లలు బెలూన్ ఎక్కుదామంటున్నారు, నాకు తలచుకుంటేనే కాళ్లు వణుకుతున్నాయి, ఒక మాత్ర ఇవ్వండి" అని అడిగినవారిని నేనెరుగుదును. ఒక్క మాత్రతో పోయే భయం కాదిది. కానీ క్రమపద్ధతిలో ప్రయత్నిస్తే తప్పక లొంగుతుంది.

శాస్త్రం ఏమంటోంది?

భయం రజస్తమో గుణాలకు సంబంధించిన మానసిక భావం. అది శరీరంలో వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. నోరు ఎండిపోవడం, గుండె దడ, చేతులు చల్లబడడం, వణుకు, తల తిరగడం, పదేపదే మూత్రవిసర్జనకు వెళ్లవలసి రావడం మొదలైన లక్షణాలు అందువల్లనే కలుగుతాయి. చరకుడు అతిసార భేదాలను చెబుతూ భయం వల్ల కలిగే విరేచనాలను ప్రత్యేకంగా ఒక భేదంగా లెక్కించాడు. దానికి వాతహర చికిత్సతో పాటు రోగికి సంతోషం కలిగించడం, ధైర్యం చెప్పడం కూడా చికిత్సేనన్నాడు. ప్రయాణం నాటి ఉదయం కడుపు కదిలిపోయే వారిని ఇంట్లోవారు పరిహసిస్తుంటారు. అది తగదు. అది నటన కాదు, వాత ప్రకోపం.

చరకుడే మనోబలాన్ని బట్టి మనుషులను మూడు తరగతులుగా విభజించాడు. ఉత్తమ సత్త్వం కలవారు తమంతట తామే నిలబడతారు. మధ్యమ సత్త్వం కలవారు ఎదుటివారిని చూసి, వారి ఆసరాతో నిలదొక్కుకుంటారు. అల్పసత్త్వం కలవారిని తాముగా గానీ, ఇతరులు గానీ నిలబెట్టడం కష్టం. మనలో అధికులు మధ్యమ సత్త్వులే. కనుక ఎత్తు భయం ఉన్నవారికి మొదటి ఔషధం నెమ్మదస్తుడైన తోడు. "ఏం కాదులే, ఎక్కు" అని వెనుక నుండి నెట్టే తోడు కాదు, పక్కన నిలిచి చేయి అందించే తోడు.

ఎత్తులో తల ఎందుకు తిరుగుతుంది?

శరీరం నిలకడగా ఉండడానికి మూడు సాధనాలు కలిసి పనిచేస్తాయి. అవి కన్ను, లోపలి చెవి, పాదాలు మరియు కీళ్ల నుండి వచ్చే స్పర్శజ్ఞానం. నేల మీద నిలిచినప్పుడు మనం తెలియకుండానే స్వల్పంగా ఊగుతుంటాము. దగ్గరలోని గోడనో చెట్టునో చూసి కన్ను ఆ ఊగిసలాటను పసిగట్టి సరిచేస్తుంది. ఎత్తుకు వెళ్లినప్పుడు చుట్టూ దగ్గర వస్తువులుండవు. ఆధారం దొరకని కన్ను తడబడుతుంది. మిగిలిన రెండు సాధనాలు చెప్పేదానికీ, కన్ను చెప్పేదానికీ పొంతన కుదరక తల తిరిగినట్లవుతుంది. ఇది కొంతవరకు అందరికీ సహజమే. దీనికి మనసులోని భయం తోడైనప్పుడు బాధ ఇనుమడిస్తుంది.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. పడక మీద పక్కకు తిరిగినా, వంగి లేచినా, నేల మీద నడుస్తున్నా తల తిరుగుతుంటే అది ఎత్తు భయం కాదు, భ్రమ వ్యాధి. చెవి దోషం, రక్తపోటు హెచ్చుతగ్గులు, రక్తహీనత, మెడ ఎముకల అరుగుదల వంటి కారణాలుండవచ్చు. అటువంటివారు ముందుగా వైద్యునికి చూపించుకోవాలి.

మెట్ల వైద్యం

అలవాట్లను మార్చుకునే విధానాన్ని చెబుతూ మన ప్రాచీనులు పాదాంశిక క్రమాన్ని ఉపదేశించారు. చెడు అలవాటును ఒక్కసారిగా కాక పాతిక వంతు, పాతిక వంతు చొప్పున విడవాలి. మంచి అలవాటును అదే విధంగా కొద్దికొద్దిగా చేర్చుకోవాలి. నేటి మానసిక వైద్యులు భయానికి చేసే చికిత్సలో ముఖ్యమైనది కూడా భయకారణాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కొనేలా చేయడమే. ఈ విషయంలో రెండు వైద్యాలూ ఒకే దారిన నడుస్తున్నాయి.

మా ప్రాంతం వారికి నేను చెప్పే మెట్లు ఇవి.

1. మొదటి వారం: ఇంటి డాబా మీద పిట్టగోడకు నాలుగడుగుల దూరంలో కుర్చీ వేసుకుని పది నిమిషాలు కూర్చోవాలి. చూపు దూరపు చెట్ల మీద ఉండాలి.

2. రెండవ వారం: పిట్టగోడను పట్టుకుని నిలబడాలి. ముందు ఎదురుగా, తరువాత కొంచెం కిందికి, మళ్లీ ఎదురుగా చూడాలి.

3. మూడవ వారం: సిద్దిపేట కోమటిచెరువు మీది వేలాడే వంతెన వద్దకు జనం తక్కువగా ఉండే ఉదయం వేళ వెళ్లాలి. మొదటి రోజు పది అడుగులు నడిచి తిరిగి వచ్చినా చాలు.

4. నాలుగు, ఐదు వారాలు: కొమురవెల్లి మల్లన్న దర్శనానికి వెళ్లినప్పుడు ఎల్లమ్మ గుట్ట మెట్లు ఎక్కాలి. వర్గల్ సరస్వతీ ఆలయ గుట్ట కూడా ఇందుకు అనుకూలమే.

5. ఆరవ వారం: వీలైతే ములుగు జిల్లా లక్నవరం చెరువు తీగల వంతెన దాటి రావాలి.

ఒక నియమం తప్పక పాటించాలి. భయం ఉద్ధృతంగా ఉన్నప్పుడు పరుగెత్తి వెనక్కి రాకూడదు. ఉన్నచోటనే నిలిచి, కమ్మీ పట్టుకుని, నాలుగు అంకెలు లెక్కిస్తూ శ్వాస తీసి, ఆరు అంకెలు లెక్కిస్తూ విడవాలి. దడ సగానికి తగ్గిన తరువాతనే వెనుదిరగాలి. పరుగెత్తి వస్తే "పారిపోయాను కనుక బతికాను" అని మనసు నేర్చుకుంటుంది. నిలిచి వస్తే "నిలిచినా ఏమీ కాలేదు" అని నేర్చుకుంటుంది. ఈ వైద్యమంతా ఈ రెండు మాటల నడుమనే ఉంది.

ఒక తల్లి ఉదంతం

మా పరిసర గ్రామం నుండి అరవై రెండేళ్ల ఒక తల్లి నా వద్దకు వచ్చింది. భర్త గతించాడు. ఒక్కగానొక్క కొడుకు హైదరాబాదులో తొమ్మిదో అంతస్తులో ఉంటాడు. కోడలి ప్రసవానికి వెళ్లిన ఆమె హాలు కిటికీలోంచి కిందికి చూసి సొమ్మసిల్లింది. తలుపులు, తెరలు మూసుకుని రెండు రోజులు గడిపి మూడో రోజు ఊరికి తిరిగి వచ్చింది. తల్లి తన దగ్గర ఉండడానికి ఇష్టపడడం లేదని కొడుకు మనసు కష్టపెట్టుకున్నాడు. తనకేమవుతున్నదో చెప్పుకోలేక ఆమె కుమిలిపోయింది. మనవడికి ఏడో నెల వచ్చినా ఆమె ఒడిలోకి తీసుకోలేదు.

ఆమెకు ఒక మండలం, అనగా 40 రోజులు, కింద చెప్పబోయే అభ్యంగం, ఔషధం ఇస్తూ పై మెట్లు చేయించాను. కొడుకును పిలిపించి, ఇది ఇష్టం లేకపోవడం కాదు, వ్యాధి అని వివరించాను. రెండవ నెలలో ఆమె హైదరాబాదు వెళ్లింది. ఇప్పటికీ బాల్కనీ అంచుకు వెళ్లదు. కానీ బాల్కనీ తలుపు తెరిచి ఉంచి, హాలులో కూర్చుని మనవడికి బువ్వ తినిపిస్తున్నది. చికిత్స ఫలించిందనడానికి నాకు అది చాలు.

గృహ చికిత్సలు

పాదాభ్యంగం: రాత్రి నిద్రకు ముందు గోరువెచ్చని నువ్వుల నూనెను అరికాళ్లకు పది నిమిషాలు మర్దన చేయాలి. వాత శమనానికీ, సుఖనిద్రకూ ఇది శ్రేష్ఠం. నేల మీద జారకుండా పాదాలను తుడుచుకోవాలి.

శిరోభ్యంగం: వారానికి రెండుసార్లు మాడుకు బ్రాహ్మీ తైలం గానీ, క్షీరబలా తైలం గానీ పట్టించాలి.

సరస్వతాకు: చరకుడు చెప్పిన నాలుగు మేధ్య రసాయనాలలో మండూకపర్ణి ఒకటి. శుభ్రంగా కడిగిన తాజా ఆకు రసం రెండు చెంచాలు ఉదయం పుచ్చుకోవాలి. ఆకు దొరకనివారు పచ్చడిగా ఎప్పుడు దొరికితే అప్పుడు తినవచ్చు.

అశ్వగంధ: అర చెంచా చూర్ణం రాత్రి గోరువెచ్చని పాలతో పుచ్చుకోవాలి. గర్భవతులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, థైరాయిడ్ మందులు గానీ నిద్రమాత్రలు గానీ వాడుతున్నవారు వైద్యుని అడగకుండా వాడరాదు.

భయం వల్ల కడుపు కదిలేవారికి: పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు సైంధవ లవణం కలిపి ఇవ్వాలి.

వికారానికి: రెండు చిటికెల శొంఠిపొడిని కొంచెం బెల్లంతో కలిపి చప్పరించాలి. మధుమేహం ఉన్నవారు బెల్లం మాని గోరువెచ్చని నీటితో తీసుకోవాలి.

ఇవి శరీరాన్ని సిద్ధం చేస్తాయి. భయాన్ని జయించవలసింది మాత్రం మనసే. మనోదోషాలకు బుద్ధి, ధైర్యం, ఆత్మజ్ఞానం పరమ ఔషధాలని అష్టాంగహృదయం చెబుతున్నది. బుద్ధి అనగా ఎక్కబోయే వస్తువు స్వభావాన్ని తెలుసుకోవడం. కనుక బెలూన్ గురించి కొంత తెలుసుకుందాం.

వేడిగాలి బెలూన్ ఎలా లేస్తుంది?

వేడిగాలి చల్లగాలి కంటే తేలిక. సాధారణ వాతావరణంలో ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోల బరువుంటుంది. దానిని 100 డిగ్రీల వరకు వేడిచేస్తే 0.95 కిలోకు తగ్గుతుంది. అంటే ప్రతి ఘనమీటరూ పావు కిలో బరువును లేపగలదు. నలుగురైదుగురిని మోసే బెలూన్ సంచిలో రెండు వేల ఘనమీటర్లకు పైగా గాలి ఉంటుంది. గ్యాసు మంటతో గాలిని వేడిచేస్తే పైకి లేస్తుంది. మంట ఆపితే మెల్లగా దిగుతుంది. పై భాగంలోని కవాటం తెరిచి త్వరగా కూడా దించవచ్చు. ఎండ ముదిరితే గాలి అల్లకల్లోలమవుతుంది కనుక తెల్లవారుజామునో, సూర్యాస్తమయానికి ముందో మాత్రమే ఎగురవేస్తారు.

1783 నవంబరు 21న పారిస్‌లో మాంగోల్ఫియే సోదరుల బెలూన్‌లో ఇద్దరు మనుషులు తొలిసారిగా స్వేచ్ఛగా ఆకాశయానం చేశారు. 2005 నవంబరు 26న మన దేశస్థుడు విజయ్‌పత్ సింఘానియా 67 ఏళ్ల వయస్సులో ముంబయి నుండి లేచి 21,027 మీటర్ల ఎత్తుకు చేరి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. వయసు మళ్లింది కనుక ధైర్యం కూడా మళ్లాలన్న నియమం లేదు.

నా అనుభవం

చిన్ననాట మోటబావిలోకి తొంగిచూడలేని పిల్లలలో నేనూ ఒకణ్ణి. గురువుగారి ఇంట చదువుకునే రోజులలో గుట్టల మీద మూలికలు సేకరించడానికి వెళ్లినప్పుడు కూడా అంచులకు దూరంగా ఉండేవాణ్ణి. అరకు ఉత్సవానికి కుటుంబంతో వెళ్లినప్పుడు తాడుతో నేలకు కట్టి ఉంచి కొంత ఎత్తుకు లేపే బెలూన్ ఎక్కాను. ఎక్కే ముందు నా నాడి నేనే చూసుకున్నాను. పాము నడకవలె వంకరగా, వేగంగా నడుస్తున్నది. వాతనాడి లక్షణం స్పష్టంగా ఉంది.

పేము బుట్ట అంచు రొమ్ము వరకు వచ్చింది. మంట వెలిగించినప్పుడల్లా పెద్ద చప్పుడు, మాడుకు సెగ. మొదట బుట్ట అల్లికను చూస్తూ శ్వాస లెక్కించాను. తరువాత దూరపు కొండల వరుసను చూశాను. చివరకు కిందికి చూశాను. ఆశ్చర్యమేమనగా, మేడ అంచున కలిగే ఆ లాగివేత ఇక్కడ అంతగా లేదు. మేడ గోడ కంటిని కింది నేల వరకు జారుస్తూ తీసుకుపోతుంది. బెలూన్ కింద అటువంటి గోడ లేదు. అందుచేతనే మేడ మీద వణికేవారిలో కొందరు బెలూన్‌లో నెమ్మదిగా ఉండగలరని గ్రహించాను. తాడు బిగిసినప్పుడు మాత్రం చిన్న కుదుపు, దానితో పాటు ఒక గుటక. దిగిన తరువాత మరల నాడి చూసుకున్నాను. వేగం తగ్గింది. భయం పూర్తిగా పోయిందని చెప్పను. దానితో కలిసి నిలబడగలనని తెలిసింది.

ఎక్కే నాడు పాటించవలసినవి

ముందురోజు త్వరగా నిద్రించాలి. ఉదయం ఖాళీ కడుపుతో వెళ్లరాదు, కడుపునిండా తినరాదు. రెండు ఇడ్లీలో, కొద్దిగా జావో చాలు. కాఫీ, టీలు దడను పెంచుతాయి కనుక మానాలి. నూలు బట్టలు, టోపీ, మడమలేని చెప్పులు గానీ బూట్లు గానీ ధరించాలి. తొలిసారి తాడు కట్టిన బెలూన్‌నే ఎంచుకోవాలి. దిగేటప్పుడు పైలట్ చెప్పిన విధంగా మోకాళ్లు కొద్దిగా వంచి, లోపలి పట్టుతాళ్లను పట్టుకోవాలి. చెప్పేవరకు బుట్ట దిగరాదు.

భయం అన్నివేళలా అసత్యం కాదు. 2013 ఫిబ్రవరిలో ఈజిప్టులోని లక్సర్ వద్ద బెలూన్‌కు నిప్పంటుకుని 19 మంది మరణించారు. కనుక పైలట్‌కు అనుమతి పత్రం ఉన్నదా, ఆనాటి గాలి అనుకూలమా అని అడిగి తెలుసుకోవాలి. గాలి బాగాలేదని వారు రద్దు చేస్తే కోపగించుకోరాదు.

ఎవరు ఎక్కరాదు?

గర్భవతులు, అదుపులో లేని రక్తపోటు, హృద్రోగం ఉన్నవారు, మూర్ఛవ్యాధి గలవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, ఎముకలు గుల్లబారినవారు, నడుము లేక మోకాళ్ల తీవ్రబాధ ఉన్నవారు ఎక్కరాదు. దిగేటప్పటి కుదుపు వారికి హాని చేయవచ్చు. బుట్ట అంచు మీదుగా చూడలేనంత చిన్నపిల్లలను కూడా ఎక్కించరాదు.

చివరగా ఇంటివారికి ఒక మనవి. భయపడేవారిని నలుగురిలో నవ్వులపాలు చేయకండి, బలవంతంగా ఎక్కించకండి. ఎక్కి తీరాలన్న నియమమేదీ లేదు. సగం మెట్లెక్కి ఆగినవారిని కూడా మెచ్చుకోండి. రేపు ఇంకొక మెట్టు ఎక్కడానికి కావలసిన బలం ఆ మెప్పులోనే ఉంటుంది.