క్రొత్త మందు – మనిషి సమ్మతి

జ్వరము వచ్చిన వేళ ఒక మాత్రను నీళ్ళతో మింగి మరచిపోవుట మనకు అలవాటు. ఆ మాత్ర మన అరచేతికి చేరుటకు ముందు ఎన్ని పరీక్షలకు నిలిచినదో మనము సాధారణముగా ఆలోచించము. విజ్ఞానశాస్త్ర విద్యార్థులే కాక సాహిత్య విద్యార్థులు కూడ తెలిసికొనదగిన విషయమని తలచి దీనిని ఇక్కడ వివరించుచున్నాము.

మాత్రలుగా లభించే మందులలో అధికభాగము రసాయనశాలలో రూపొందించిన చిన్న అణువులే. అట్టి అణువును మొదట జంతువులపై పరీక్షిస్తారు. తరువాత మనుష్యులపై మూడు దశలు ఉంటాయి. మొదటి దశలో కొద్దిమందికి ఇచ్చి, అపాయము కలుగునా అని చూస్తారు. రెండవ దశలో కొందరు రోగులకు ఇచ్చి గుణమును, మోతాదును పరిశీలిస్తారు. మూడవ దశలో ఎక్కువమంది రోగులలో, అప్పటికే వాడుకలో ఉన్న చికిత్సతోనో, మందు లేని మాత్రతోనో పోల్చి చూస్తారు. ఆ ఫలితాలను భారత ఔషధ నియంత్రణాధికారి పరిశీలించి అనుమతి ఇచ్చుటయో, నిరాకరించుటయో జరుగుతుంది.

ఇందుకు మన హైదరాబాదులోనే ఒక ఉదాహరణము కలదు. డాక్టర్ రెడ్డీస్ వారు మధుమేహమునకు రాగాగ్లిటజార్ అనే అణువును కనుగొని, 1998లో డెన్మార్కుకు చెందిన నోవో నార్డిస్క్ సంస్థకు అప్పగించారు. అది మూడవ దశకు చేరినది. కాని ఎలుకలలో మూత్రాశయపు కంతులు కనిపించుటచే 2002 జూలైలో మానవ పరీక్షలను నిలిపివేశారు. దీనిని అపజయమని మేము భావించము. ఆపవలసిన చోట ఆపుటయే పరీక్ష యొక్క ప్రయోజనము. అదే కుటుంబమునకు చెందిన సారోగ్లిటజార్, అహమ్మదాబాదులోని జైడస్ వారి కృషితో, 2013లో మన దేశములో అనుమతి పొందినది.

మందు మంచిదా అనునది ఒక ప్రశ్న. దానిని స్వీకరించిన మనిషి తెలిసి సమ్మతించెనా అనునది రెండవ ప్రశ్న. ఈ రెండవ పాఠము మన అడవి అంచుననే ఉన్నది.

2009లో నాటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో, 10 నుండి 14 సంవత్సరాల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలసి ఈ కార్యక్రమమును నడిపినవి. ఇది చిన్న అణువు కాదు. అప్పటికే విక్రయానుమతి పొందిన టీకా. కొందరు బాలికల మరణవార్తలపై ఆందోళన చెలరేగగా 2010 ఏప్రిల్‌లో కార్యక్రమము ఆగినది. ఆ మరణాలకు టీకా కారణము కాదని ప్రభుత్వ విచారణ సంఘము అభిప్రాయపడినది. ఆ టీకా నేడు అనేక దేశాలలో వాడుకలో ఉన్నది.

అయినను మచ్చ మిగిలినది. 2013 ఆగస్టులో వెలువడిన పార్లమెంటు స్థాయీసంఘ నివేదిక ప్రకారము, మన రాష్ట్రమునకు సంబంధించిన 9,543 అంగీకార పత్రాలలో 1,948 పత్రాలపై వేలిముద్రలే ఉన్నవి. 2,763 పత్రాలపై వసతిగృహ అధికారులు సంతకము చేశారు. బిడ్డను హాస్టలుకు పంపిన తల్లిని ఎవరు అడిగినట్లు?

2019 నాటి క్రొత్త నిబంధనల ప్రకారము, చదువురాని వారి సమ్మతి సమయమున నిష్పక్షపాతియైన సాక్షి ఉండవలెను. బలహీనులపై క్రొత్త రసాయన ఔషధమును పరీక్షించునపుడు ఆ సంభాషణను దృశ్య, శ్రవణ రూపమున భద్రపరచవలెను.

మన కళాశాలలో వినిపించే రెండు భాషలలోను “రాజీ” అనే మాట ఉన్నది. ఉర్దూలో రాజీ అనగా మనసారా ఒప్పుకొనుట. తెలుగులో రాజీ అనగా గత్యంతరము లేక సర్దుకొనుట. వైద్య పరీక్షకు మొదటి అర్థములోని రాజీయే సమ్మతి, రెండవది కానేరదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఉపాధ్యాయులు, నర్సులు, వసతిగృహ అధికారులు కాగలరు. ఏదో ఒకనాడు అట్టి కాగితము మీ బల్లపైకి రావచ్చును. సంతకము పెట్టుటకు ముందు, ఆ బిడ్డ తల్లి ఉండే గూడెమునకు ఎంత దూరమైనను నడచి వెళ్ళి, ఆమె భాషలో చెప్పి, ఆమె జవాబు విని రండని మా మనవి.