కరెంటు పోయినా మరవని ఇనుము

అది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. అత్తాకోడళ్ళు పొద్దున్నే మండలం ఊరికి పోయారు. వేరుశనగ పంటకు బీమా కట్టాలి. రేపే ఆఖరు రోజు. వాన రాకపోతే ఆ బీమా ఒక్కటే దిక్కు.

సాయంత్రానికి వాళ్ళ వంతు వచ్చింది. సెంటరు కుర్రవాడు పేరు, సర్వే నంబరు, ఎకరాలు కంప్యూటర్లో ఎక్కించాడు. ఇంకొక్క మీట నొక్కితే పని అయిపోతుంది. అంతలో కరెంటు పోయింది. రాసిందంతా పోయింది.

"రేపు రండమ్మా" అన్నాడు.

ఒక రోజు కూలి పోయింది. బస్సు చార్జీ దండగ. "ఇంత పెద్ద మిషనుకు ఆమాత్రం గుర్తుండదా?" అంది అత్త.

అడగాల్సిన మాటే. కంప్యూటరు పని చేసేటప్పుడు వాడే జ్ఞాపకం చిల్లు కుండలాంటిది. అందులోంచి కరెంటు కారిపోతూ ఉంటుంది. సెకనుకు సుమారు పదిహేనుసార్లు మళ్ళీ నింపాలి. పని లేకపోయినా నింపాల్సిందే. కరెంటు ఆగితే కుండ ఖాళీ. ఇలా ఊరికే పోయే కరెంటూ తక్కువేం కాదు. ప్రపంచంలో పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రాలు ఉన్నాయి. 2024లో ప్రపంచం వాడిన కరెంటులో నూటికి సుమారు ఒకటిన్నర పాలు వాటికే పోయింది.

ఒక సూదిని అయస్కాంతంతో ఒకే వైపుకు పదిసార్లు రుద్ది చూడండి. సూది కూడా అయస్కాంతం అవుతుంది. గుండుసూదిని పట్టుకుంటుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. అయినా సూదికి గుర్తుంది.

కంప్యూటరుకు ఉన్నవి రెండే అక్షరాలు. 0, 1. తెలుగుకు యాభై ఆరు! అయస్కాంతం ఒక దిక్కుకు ఉంటే 1, ఎదురు దిక్కుకు ఉంటే 0. ఇలా రాసింది కరెంటు పోయినా ఉంటుంది.

సంగారెడ్డి జిల్లా కందిలో హైదరాబాదు ఐ.ఐ.టి. ఉంది. అక్కడి ప్రొఫెసరు చంద్రశేఖర్ మురపాక ఇలాంటి అయస్కాంత పదార్థాల మీద పరిశోధన చేస్తున్నారు. ఈ పనిలో లోహాన్ని పొరలు పొరలుగా వేస్తారు. ఆ పొరలు వెంట్రుక కంటే వేల రెట్లు సన్నం.

రెండు అయస్కాంత పొరలు ఒకే దిక్కుకు ఉంటే కరెంటు సులువుగా దాటుతుంది. ఎదురెదురుగా ఉంటే కష్టంగా దాటుతుంది. దాన్నిబట్టి కంప్యూటరు 0, 1 చదువుతుంది. మామూలు వేడిలో ఇది బాగా జరుగుతుందని 1995లో తేలింది. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన జగదీశ్ మూడేరా బృందం అమెరికాలో, మియజాకి బృందం జపానులో చేసి చూపారు.

చదవడం సులువే. చిక్కంతా రాయడంలోనే. కొత్తగా పలక పట్టినవారికి ఇది తెలిసిందే! అయస్కాంతాన్ని తిప్పడానికి కరెంటు ఎక్కువ కావాలి. పోనీ సులువుగా తిరిగేది పెడితే వేడికే తిరిగిపోతుంది. రాసిన 1 కాస్తా 0 అవుతుంది. కొంచెం కరెంటుతో తిరగాలి, తిరిగాక కదలకూడదు. అలాంటి పదార్థం కోసమే వెతుకులాట. అయస్కాంత జ్ఞాపకాలు కొన్ని మిషన్లలో ఇప్పటికే ఉన్నాయి. ధర ఎక్కువ. మండలం సెంటరు దాకా ఇంకా రాలేదు.

మరునాడు అత్తాకోడళ్ళు మళ్ళీ పోయారు. కుర్రవాడు అన్నీ ఎక్కించాడు. కోడలు తెర మీదికి వంగి చదివింది.

"అబ్బయ్యా, ఆగు. సర్వే నంబరులో అది 1 కాదు, 7. అది మా చేను కాదు."

కుర్రవాడు దిద్దాడు. అప్పుడు మీట నొక్కాడు.