దూరపు పరుగునకు శరీరమందలి నిల్వలు

జహంగీరు కోశాధికారియగు షేక్ ఫరీదు 1607లో, ఢిల్లీనుండి ఆగ్రాకు పోవు రాజమార్గమును కాపాడుటకై ఫరీదాబాదును నెలకొల్పెనని ప్రతీతి. దేశవిభజనానంతరము వాయవ్య సరిహద్దునుండి వచ్చిన శరణార్థులు 1949 మొదలుకొని ఇచ్చటి కొత్త పట్టణమును తమ రెక్కల కష్టముతో కట్టుకొనిరి. ఉద్యోగములకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములును నేడీ పారిశ్రామిక నగరమున కలవు. చలికాలపు ఉదయములందు సూరజ్‌కుండ్ వైపు, ఆరావళి గుట్టల దారులలో పరుగిడువారు కనబడుదురు. వారిలో కొందరు 2005లో ప్రారంభమైన ఢిల్లీ అర్ధమారథానుకు, అనగా ఇరువదియొక్క కిలోమీటర్ల పరుగునకు, సిద్ధమగుచుందురు.

ఇట్టివారిలో తరచుగా కనబడు పొరపాటొకటి కలదు. బరువు తగ్గవలెననియో, మధుమేహము వచ్చుననియో భయపడి, అన్నమును చపాతీని మానివేసి, కూరయు పెరుగును మాత్రము తిని దూరపు పరుగునకు దిగుదురు. పది పన్నెండు కిలోమీటర్లు బాగుగనే సాగును. పిమ్మట కాళ్లు బరువెక్కును, తల తిరుగును, చెమట చల్లబడును. అభ్యాసము చాలలేదని తలచి మరునాడు ఇంకను ఎక్కువ దూరము పరుగెత్తుదురు. నిజమునకు కొరవడినది అభ్యాసము కాకపోవచ్చును, పిండిపదార్థము కావచ్చును.

మనము తిను బియ్యము, గోధుమ, చక్కెర, పండ్లు జీర్ణమై గ్లూకోజుగా రక్తమున చేరును. అప్పటి అవసరమునకు మించినదానిలో కొంత గ్లైకోజెన్ అను రూపమున కాలేయమునందును, కండరములందును నిలువయగును. 1857లో ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ దీనిని కాలేయమునుండి వేరుచేసి చూపెను. సామాన్యదేహమున ఈ నిల్వ కండరములలో సుమారు 400 గ్రాములు, కాలేయమున సుమారు 100 గ్రాములు మాత్రమే. గ్రాముకు నాలుగు కెలోరీల లెక్కన మొత్తము 2,000 కెలోరీలు. 60 కిలోల మనిషి కిలోమీటరు పరుగెత్తుటకు రమారమి 60 కెలోరీలు ఖర్చగును. పూర్తి మారథాను 42 కిలోమీటర్లకు 2,500 కావలెను. క్రొవ్వు నిల్వ ఇంతకంటె ఎన్నో రెట్లున్నను, అది నెమ్మదిగా వెలువడును. వేగము పెరిగినకొలది కండరము పిండిపదార్థమునే ఎక్కువగా అడుగును. ఎండ వేడిలో మరింత త్వరగా ఖర్చు చేయును.

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి. కండరములోని నిల్వ ఆ కండరమునకే చెల్లును, బయటకు రాదు. రక్తములోని చక్కెరను కాపాడునది ప్రధానముగా కాలేయము. మెదడు దినమునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును వాడుకొనును గనుక, రాత్రి నిద్రలో కాలేయపు నిల్వ చాలవరకు తరిగిపోవును. పరగడుపున దీర్ఘదూరము పరుగెత్తువానికి తల తిరుగుటకు ఇదియొక కారణము. 1924లో బోస్టన్ మారథాను ముగించినవారి రక్తమును వైద్యులు పరీక్షింపగా, సొమ్మసిల్లినవారిలో చక్కెర మిక్కిలి తగ్గియుండెను. మరుసటి యేడు వారికి ముందునుండియు పిండిపదార్థముగల భోజనమును, పరుగు నడుమ మిఠాయిని ఇచ్చి ఆ పతనమును చాలవరకు నివారించిరి.

1967లో స్టాక్‌హోమున బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ మొదలగువారు చేసిన ప్రయోగము మరింత స్పష్టమైనది. కొందరికి మూడేసి దినములు వేర్వేరు ఆహారములు పెట్టి, సమానమైన శ్రమతో సైకిలు త్రొక్కించిరి. క్రొవ్వును, మాంసకృత్తులును మాత్రము తిన్నపుడు వారు సగటున 57 నిమిషములు, సాధారణ భోజనముపై 114 నిమిషములు, పిండిపదార్థము మిక్కుటముగా తిన్నపుడు 167 నిమిషములు త్రొక్కగలిగిరి. మనుష్యులు వారే, మారినది కంచములోని పదార్థము.

అట్లని ప్రతివాడును కంచము నింపుకొనవలెనని కాదు. దినమున అరగంట నడచువానికి సాధారణ భోజనమే చాలును. వానికి అదనపు తిండి నడుము చుట్టుకొలతకే ఉపకరించును. దినమున గంట మొదలు మూడు గంటలవరకు శ్రమించువారికి మాత్రము, శరీరపు బరువులో కిలోకు 6 మొదలు 10 గ్రాములవరకు పిండిపదార్థము కావలెను. 60 కిలోల మనిషికి కిలోకు 7 గ్రాముల చొప్పున 420 గ్రాములు. ఇందుకు 300 గ్రాముల బియ్యము, 150 గ్రాముల గోధుమపిండి, కొంత పప్పు, పాలు, రెండు అరటిపండ్లు సరిపోవును. పూర్తి మారథానుకు ముందు రెండు దినములు పరుగు తగ్గించి, అన్నము పెంచినచో నిల్వలు నిండును. గ్లైకోజెన్ నీటితో కూడి నిలుచును గనుక, అప్పుడు బరువు కిలో వరకు పెరుగవచ్చును. భయపడనక్కరలేదు.

పరుగునాడు రెండు మూడు గంటల ముందే ఇడ్లీయో, ఉప్మాయో, అరటిపండో తినవలెను. ఈ ప్రాంతపు వెన్నపరాఠా రుచికరమే గాని, క్రొవ్వువలన కడుపున చాలసేపు నిలుచును. దానిని పరుగు ముగిసినపిదప ఆరగించుట మేలు. గంటన్నర దాటు పరుగులో గంటకు 30 మొదలు 60 గ్రాముల చక్కెర అందవలెను. అరలీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు, నిమ్మరసము కలిపినచో 30 గ్రాములు వచ్చును. దాహమునకు మించి వట్టి నీరు త్రాగుట ప్రమాదకరము. రక్తములోని లవణము పలుచబడును. క్రొత్త పదార్థమును పందెమునాడు తొలిసారి తినరాదు. అభ్యాసపు పరుగులోనే ఓర్చునో లేదో చూచుకొనవలెను. పరుగు ముగిసిన గంటలోపల పెరుగన్నము వంటిది తినినచో నిల్వలు త్వరగా పూరించబడును. అవి పూర్తిగా నిండుటకు ఒక దినము పట్టును గనుక, వెంటవెంటనే రెండు దీర్ఘపు పరుగులు తగవు.

మధుమేహము గలవారి సంగతి వేరు. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలివారి అధ్యయనము మన దేశమున పదికోట్లకు పైగా మధుమేహులు కలరని తెలిపినది. ఇన్సులిను గాని, చక్కెరను తగ్గించు కొన్ని మాత్రలు గాని తీసుకొనువారికి పరుగులోను, ఆ రాత్రి నిద్రలోను రక్తములోని చక్కెర ప్రమాదముగా పడిపోవచ్చును. వారు వైద్యుని సలహా లేక దూరపు పరుగు ఆరంభింపరాదు. జేబులో చక్కెర ఉంచుకొనవలెను. వణుకు, చెమట, తడబాటు కలిగినపుడు వెంటనే నిలిచి మూడు చిన్న చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగి, పదిహేను నిమిషములకు మరల రక్తము పరీక్షించుకొనవలెను. స్పృహ తప్పినవాని నోట ప్రక్కవారు ఏమియు పోయరాదు. ప్రక్కకు ఒత్తిగిల పరుండబెట్టి ఆసుపత్రికి చేర్చవలెను.